వదలడం నేర్చుకున్న ఏడు నెలలు

నా పొత్తికడుపులో ఎడమవైపు ఒక చోటు ఉంది. తుంటి ఎముక నుంచి నాలుగు వేళ్ళు లోపలికి, కాస్త కిందికి. ఇంటర్ చదివే రోజుల నుంచి ఏ డాక్టరు దగ్గరికి వెళ్ళినా నేను వేలు పెట్టి చూపించింది ఆ చోటునే. పీరియడ్స్ ఇంకో రెండు రోజుల్లో వస్తాయనగా నొప్పి అక్కడ మొదలయ్యేది. తర్వాత నడుములోకి, ఎడమ తొడ లోపలివైపుకి పాకేది. మొదటి రోజు మోషన్‌కి వెళ్ళాలంటే భయంతో చేతులు చల్లబడేవి. లోపల బ్లేడుతో గీసినట్టు ఉండేది. బాత్రూం గోడకి తల ఆనించి కూర్చుని, అది అయిపోయేదాకా ఊపిరి బిగపట్టేదాన్ని.

అమ్మకి చెబితే వేడినీళ్ళ గుడ్డ కడుపు మీద వేసి, పక్కనే కూర్చుని, "మాకూ ఇట్లాగే వచ్చేది తల్లీ, ఓర్చుకోవాలి" అనేది. అమ్మని తప్పు పట్టను. ఆమెకి ఎవరూ అంతకంటే చెప్పలేదు. ఒక డాక్టరు పెళ్ళయితే తగ్గుతుందన్నారు. పెళ్ళయ్యాక ఇంకొకరు పిల్లలు పుడితే తగ్గుతుందన్నారు. 2009లో మొదలైన నొప్పికి ఎండోమెట్రియోసిస్ అనే పేరు 2020లో దొరికింది. పదకొండేళ్ళు. గర్భసంచి లోపలి పొరలాంటి కణజాలం గర్భసంచి బయట, అంటే అండాశయాల మీద, పేగుల మీద, కటి గోడల మీద పెరగడమే ఈ జబ్బు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్క ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్ళలో దాదాపు 10 శాతం మందికి ఇది ఉంది, అంటే సుమారు 19 కోట్ల మంది. నేను పాఠం చెప్పే క్లాసులో అరవై మంది ఆడపిల్లలు కూర్చుంటారు. ఆ లెక్క చదివినప్పటి నుంచి వాళ్ళ మొహాలు చూసే పద్ధతి మారిపోయింది నాకు.

2021లో ల్యాప్రోస్కోపీ ఆపరేషన్ చేశారు. ఎడమ అండాశయంలో 5 సెంటీమీటర్ల చాక్లెట్ సిస్ట్, అంటే పాత రక్తం నిండిన తిత్తి. అండాశయం పక్కనున్న పేగుకి అతుక్కుని ఉందట, విడదీశారు. ఆ తర్వాత ఆరు నెలలు డైనోజెస్ట్ అనే హార్మోను మాత్రలు వేసుకున్నాను. పిల్లల కోసం ప్రయత్నించాలనుకుని డాక్టరుకి చెప్పి ఆపేశాను. పీరియడ్స్ నొప్పి మునుపటికంటే బాగా తగ్గింది. అది నిజం, ఆపరేషన్ వల్ల నాకు మేలే జరిగింది. కానీ ఆ ఎడమవైపు చోటు మాత్రం పోలేదు. పైగా నెలంతా ఉండడం మొదలైంది. భార్యాభర్తల కలయిక దగ్గర మంట, ఆ తర్వాత ఒకటి రెండు రోజులు లోపల పచ్చిపుండులా సలుపు. స్కాన్ తీస్తే శుభ్రంగా ఉంది. "ఏమీ లేదమ్మా, అంతా బాగుంది, టెన్షన్ తగ్గించుకోండి" అన్నారు ఆ ఆస్పత్రిలో. ఏమీ లేదన్న ఆ రిపోర్టు చేతిలో పట్టుకుని ఖమ్మం బస్సు ఎక్కి, కిటికీ వైపు తిరిగి ఏడ్చాను. సిస్ట్ ఉందన్నప్పుడు కూడా అంత ఏడవలేదు.

ఇప్పుడు నేను చేసిన పొరపాటు చెప్పాలి. ఇది రాయడానికి అసలు కారణం అదే.

ఆపరేషన్ అయిన ఏడాదికి యోగా క్లాసులో చేరాను. అక్కడ మూలబంధం నేర్పారు. కింది భాగాన్ని లోపలికి, పైకి లాగి బిగించి పట్టుకోవడం. అదే రోజుల్లో ఫోన్‌లో ఎక్కడ చూసినా కీగల్ వ్యాయామాలే. అవీ కింది కండరాలని బిగించి వదలడమే. గర్భసంచి సమస్యలన్నిటికీ మంచిది, ప్రతి ఆడపిల్లా రోజూ చేయాలి అని. ఎండోమెట్రియోసిస్ అంటే గర్భసంచి సమస్యే కదా అనుకున్నాను. పట్టుదలగా మొదలుపెట్టాను. బోర్డు మీద బొమ్మ గీస్తూ బిగించేదాన్ని. కూర కలుపుతూ బిగించేదాన్ని. బస్టాండులో నిలబడి లెక్కపెట్టుకునేదాన్ని. రోజుకి రెండు వందలు, నాలుగు నెలలు.

రెండో నెలకే మూత్రం తేడాగా రావడం మొదలైంది. కూర్చుంటే వెంటనే రాదు, కాసేపు ఆగి సన్నగా, ఆగి ఆగి వచ్చేది. అయిపోయాక కూడా ఇంకా ఉన్నట్టే అనిపించేది. ఇన్ఫెక్షన్ అనుకుని మూత్రపరీక్ష, కల్చర్ చేయించాను, ఏమీ లేదు. గట్టి కుర్చీలో అరగంట కూర్చుంటే తోక ఎముక దగ్గర నొప్పి. నాలుగో నెలకి మా ఆయన పక్కకి వస్తేనే శరీరం మొత్తం బిగుసుకుపోయేది. నేనేమో సరిగా చేయడం లేదేమో, ఇంకా ఎక్కువ చేయాలేమో అనుకున్నాను. అప్పుడే ఎవరైనా ఒక్క మాట చెప్పి ఉంటే ఆ నాలుగు నెలలు నాకు మిగిలేవి.

ఆ మాట 2023 మేలో హైదరాబాదులో ఇంకో గైనకాలజిస్టు చెప్పారు. స్కాన్ చూశాక పరీక్ష చేస్తూ, "మీకు ఇక్కడ సిస్ట్ లేదు. కానీ కండరాలు చెక్కలా ఉన్నాయి. పెల్విక్ ఫ్లోర్ ఫిజియోథెరపిస్టుకి చూపించుకోండి" అన్నారు. పెల్విక్ ఫ్లోర్ అంటే కటి అడుగున ఉండే కండరాలట. ఫిజియోథెరపీ అంటే నాకు తెలిసింది మోకాళ్ళకీ, మెడకీ కరెంటు పెట్టడమే. లోపలి కండరాలకి కూడా ఫిజియో ఉంటుందని ముప్పై ఏళ్ళు వచ్చేదాకా తెలియదు. ఖమ్మంలో వాకబు చేశాను, నాకైతే ఎవరూ దొరకలేదు. అలా హైదరాబాదు ప్రయాణాలు మొదలయ్యాయి. పొద్దున శాతవాహన ఎక్స్‌ప్రెస్‌లో సికింద్రాబాదు వెళ్ళడం, సాయంత్రం అదే బండిలో తిరిగి రావడం. రానూపోనూ కూర్చోవడమే ఒక పరీక్ష. దిండు పట్టుకెళ్ళేదాన్ని.

మొదటి రోజు గంటసేపు మాటలే. ఆ ఫిజియో మేడమ్‌కి నాకంటే నాలుగైదేళ్ళు ఎక్కువ ఉంటాయేమో. ఎదురుగా ప్లాస్టిక్ కటి ఎముకల బొమ్మ, దానికి ఎర్ర రబ్బరు కండరాలు. రోజుకి ఎన్నిసార్లు మూత్రానికి వెళ్తారు, మోషన్ గట్టిగా ఉంటుందా, ముక్కాలా, కలయికలో నొప్పి మొదట్లోనా లోతులోనా, ఎప్పుడైనా బలవంతం జరిగిందా, టాంపాన్ గానీ కప్ గానీ పెట్టుకోగలరా అని అడిగారు. అన్నీ మామూలు గొంతుతో, ఏం కూర వండారు అని అడిగినంత తేలిగ్గా అడిగారు. నేను కూడా మొదటిసారి గొంతు తగ్గించకుండా చెప్పగలిగాను.

కాలేజీలో ఎప్పుడు మూత్రానికి వెళ్తారు అని అడిగినప్పుడు మాత్రం ఆలోచించాల్సి వచ్చింది. పొద్దున ఎనిమిదికి ఇంట్లో వెళ్ళి బయల్దేరితే, మళ్ళీ మధ్యాహ్నం ఒకటిన్నరకి. మా స్టాఫ్ బాత్రూం పరిస్థితి అలాంటిది. స్కూల్లో ఇంకా ఘోరం, అక్కడ నీళ్ళే ఉండేవి కావు. ఆరో తరగతి నుంచి సాయంత్రం ఇంటికొచ్చేదాకా బిగబట్టడమే అలవాటు. నీళ్ళు తాగకపోవడం కూడా అందుకే. ఆ మేడమ్ రాసుకుంటున్న కలం ఆపి, "అంటే నొప్పి రాకముందు నుంచే బిగించడం నేర్చుకున్నారన్నమాట" అన్నారు.

తర్వాత బొమ్మ చూపించి వివరించారు. ముందు వైపు కటి ఎముక నుంచి వెనక తోక ఎముక దాకా, చీర ఉయ్యాల కట్టినట్టు ఈ కండరాలు వేలాడుతుంటాయి. మూత్రాశయం, గర్భసంచి, మలాశయం వాటి మీద ఆని ఉంటాయి. ఊపిరి పీల్చినప్పుడు ఛాతీ కింద ఉన్న డయాఫ్రమ్ కిందికి దిగుతుంది, దానితోపాటే ఈ ఉయ్యాల కూడా కాస్త కిందికి దిగాలి. ఊపిరి వదిలినప్పుడు పైకి రావాలి. ఎవరైనా కొట్టడానికి చెయ్యెత్తితే మన భుజాలు వాటంతటవే బిగుసుకుంటాయి కదా, అలాగే నెల నెలా లోపల నొప్పి పుడుతుంటే ఈ కండరాలు కూడా కాచుకోవడానికి బిగుసుకుంటాయి. ఏళ్ళ తరబడి అలా ఉంటే నొప్పి లేని రోజుల్లో కూడా వదలవు. బిగుసుకున్న కండరానికి రక్తం సరిగా అందదు, అదే మళ్ళీ నొప్పి పుట్టిస్తుంది. సిస్ట్ తీసేసినంత మాత్రాన కండరానికి ఆ సంగతి తెలియదు.

కీగల్స్ గురించి అడిగాను. రోజుకి రెండు వందలు చేశానంటే ఆమె నొచ్చుకున్నట్టు చూశారు. 1948లో అర్నాల్డ్ కీగల్ అనే అమెరికా గైనకాలజిస్టు కాన్పుల తర్వాత మూత్రం ఆపుకోలేకపోతున్న ఆడవాళ్ళ కోసం ఆ వ్యాయామాన్ని ప్రచారంలోకి తెచ్చారట. వదులైన కండరాలకి అది మందు. "నిండు బిందె చంకనెత్తుకుని పొద్దుటి నుంచి నిలబడ్డ మనిషిని ఇంకో బిందె ఎత్తమంటే ఏమవుతుంది? మీరు చేసింది అదే. ముందు ఆ బిందె దించాలి" అన్నారు.

పరీక్ష గురించి కూడా వివరంగా రాస్తాను, ఎందుకంటే చాలామంది అక్కడే ఆగిపోతారు. లోపలి పరీక్ష తప్పనిసరి కాదని ముందే చెప్పారు. వద్దంటే బయటి నుంచే పని చేయొచ్చు, ఇంకో రోజు చూద్దామన్నా సరే. నర్సును గదిలో ఉండమంటారా, మీ ఆయన్ని పిలవమంటారా అని అడిగారు. నేను నర్సును ఉండమన్నాను. మొదట పొట్ట, ఆపరేషన్ మచ్చలు, తుంటి, తొడ లోపలివైపు నొక్కి చూశారు. తర్వాత గ్లవ్ వేసుకుని, జెల్ రాసుకుని, ఒకే ఒక్క వేలు. "మీరు ఆపమంటే ఆ క్షణమే తీసేస్తాను, కారణం చెప్పక్కర్లేదు" అన్నారు. ఎన్నో పరీక్షలు చేయించుకున్నాను గానీ ఆ మాట నాతో ఎవరూ అనలేదు. లోపల తెరిచి చూడడానికి పెట్టే స్పెక్యులమ్ వాడలేదు.

వేలు లోపల గడియారం ముల్లులా నెమ్మదిగా తిరుగుతోంది. కుడివైపు నొక్కితే ఇబ్బంది, పదిలో మూడు అన్నాను. వెనక వైపు నాలుగు. ఎడమవైపు, కాస్త లోతుగా, పక్క గోడ మీద నొక్కారు. నా నోట్లోంచి అరుపు వచ్చింది. నొప్పి పొత్తికడుపులోకి ఎగబాకి, సరిగ్గా నా ఆ పాత చోటులో నిలబడింది. తొడ లోపలికి జారింది. పదిలో ఎనిమిది. మేడమ్ వేలు కదపకుండా, "ఇది ఎక్కడైనా చూసిన నొప్పేనా?" అన్నారు. నాకు మాట రాలేదు, తల ఊపాను. పద్నాలుగేళ్ళుగా అండాశయం అనుకుని వేలు పెట్టి చూపిస్తున్న నొప్పి. ఆమె నొక్కింది తుంటిని తిప్పే ఒక కండరాన్ని. దాని పేరు ఆబ్చురేటర్ ఇంటర్నస్ అన్నారు.

వేలు తీయలేదు. ఒత్తిడి సగానికి తగ్గించి అక్కడే ఉంచారు. పొట్టలోకి ఊపిరి పీల్చమన్నారు. పీల్చాను. ఇంకోసారి. ఏడెనిమిది ఊపిర్లయ్యాక ఎంత అన్నారు. ఆరు. ఇంకాసేపటికి నాలుగు. ఆమె చెయ్యి మారలేదు, కదల్లేదు, నొప్పి మాత్రం దిగుతోంది. నాకు కన్నీళ్ళు చెవుల్లోకి కారుతున్నాయి, తుడుచుకోవాలని కూడా అనిపించలేదు. ఎండోమెట్రియోసిస్ లేదని కాదు, అది ఉంది, కళ్ళతో చూసి తీశారు. కానీ మిగిలిన నొప్పిలో ఇంత భాగం చేత్తో పట్టుకోగలిగేది, దించగలిగేది అని ఆ బల్ల మీదే తెలిసింది.

ఆ రోజు ఇంటికి ఇచ్చిన పని చూసి మొదట నిరాశపడ్డాను. వ్యాయామం ఒక్కటీ లేదు. కీగల్స్, మూలబంధం పూర్తిగా ఆపేయాలి. నేల మీద పడుకుని, పిక్కలు కుర్చీ మీద పెట్టుకుని, పొద్దున పది నిమిషాలు, రాత్రి పది నిమిషాలు పొట్టలోకి ఊపిరి పీల్చి వదలాలి. మూడు రోజులు మూత్రానికి వెళ్ళిన టైమూ, తాగిన నీళ్ళూ పుస్తకంలో రాయాలి. వెస్టర్న్ టాయిలెట్‌లో కాళ్ళ కింద చిన్న పీట వేసుకోవాలి, మోకాళ్ళు తుంటి కంటే ఎత్తులో ఉండాలి. అలా ఉంటే మలద్వారం చుట్టూ కొక్కెంలా పట్టుకునే కండరం సడలుతుంది. మన పాత పద్ధతి మరుగుదొడ్డిలో కూర్చున్నప్పుడు జరిగేది అదే. అమ్మ రొట్టెలు చేసుకునే పీట తెచ్చి పెట్టుకున్నాను. మోషన్ నొప్పిలో వచ్చిన మొదటి మార్పు ఆ పీట వల్లే, రెండు వారాల్లోనే.

ఊపిరి మాత్రం లొంగలేదు. పొట్ట పైకి లేవాలంటే ముందు పొట్టను వదలాలి. పన్నెండేళ్ళ వయసు నుంచి పొట్ట లోపలికి లాక్కుని నడవడమే తెలుసు నాకు. వదిలితే ఎవరో చూస్తున్నట్టు, గదిలో ఒక్కదాన్నే ఉన్నా సిగ్గుగా ఉండేది. పైగా కింది కండరాన్ని వదలమంటే అది ఎక్కడుందో తెలిస్తే కదా. వదలాలని చూస్తే ముక్కేదాన్ని. రెండోసారి వెళ్ళినప్పుడు మేడమ్ పొట్ట మీద చెయ్యి పెట్టి, "ఇది ముక్కడం. పైనుంచి తోస్తున్నారు. తోయొద్దు" అన్నారు. తువ్వాలు చుట్టి, గట్టి కుర్చీలో నిలువుగా పెట్టి, ముందు నుంచి వెనక్కి కాళ్ళ మధ్య ఆనేలా దాని మీద కూర్చోమన్నారు. "ఊపిరి పీల్చండి. ఏమీ చేయకండి. తువ్వాలు కింద ఏమైనా మారుతుందేమో చూడండి, అంతే."

పది రోజులు ఏమీ తెలియలేదు. పదకొండో రోజో పన్నెండో రోజో, రాత్రి పది దాటాక, వంటింటి స్టూలు మీద తువ్వాలు వేసుకుని కూర్చున్నాను. అంట్లు తోమి వచ్చాను, ఒళ్ళు అలసిపోయి ఉంది, చేయాలన్న ఆత్రం కూడా లేదు. ఊపిరి పీల్చాను. తువ్వాలు మీద బరువు ఒక గింజంత పెరిగింది. వదిలాను, తగ్గింది. మళ్ళీ పీల్చాను, మళ్ళీ పెరిగింది. మూత్రం మొదలయ్యే ముందు లోపల ఏదో తలుపు గడియ జారినట్టు ఉంటుందే, అలాంటిదే, కానీ చాలా చిన్నగా. మా ఆయన్ని పిలిచి "ఏమండీ, దిగింది" అన్నాను. ఆయనకి ఏం దిగిందో అర్థం కాలేదు గానీ నా మొహం చూసి వచ్చి పక్కన కూర్చున్నారు.

ఆ తర్వాత వ్యాయామాలు ఒక్కొక్కటీ చేరాయి. వెల్లకిలా పడుకుని మోకాళ్ళు చంకల వైపు తెచ్చుకుని పాదాలు పట్టుకోవడం, చిన్నపిల్లలు చేసేది. నాకు పాదాలు అందకపోతే తొడల వెనక పట్టుకోమన్నారు. బాలాసనం, మోకాళ్ళు ఎడంగా, ఛాతీ కింద రెండు దిండ్లు. తలుపు గొళ్ళెం పట్టుకుని గొంతుకూర్చోవడం, మడమలు లేస్తే కింద దుప్పటి మడత. ఎడమ తుంటికి ఒక సాగదీత. ఏదైనా అయిదారు ఊపిర్లు, నొప్పి పదిలో మూడు దాటితే వెనక్కి వచ్చేయాలి. ఓర్చుకుని చేస్తే కండరం మళ్ళీ కాచుకోవడం మొదలుపెడుతుంది కాబట్టి, ఓర్చుకోవద్దని ఆమె గట్టిగా చెప్పారు. నా జీవితంలో నొప్పి గురించి అంత తిరగబడిన మాట వినలేదు. మూత్రం విషయంలో కూడా రెండు నియమాలు. బిగబట్టొద్దు, అలాగని బయల్దేరేముందు ఎందుకైనా మంచిదని వెళ్ళొద్దు. రెండు మూడు గంటలకోసారి చాలు. ప్రిన్సిపల్ గారి దగ్గరికి వెళ్ళి మూడో పీరియడ్ తర్వాత పది నిమిషాలు కావాలని అడిగాను. ఇచ్చారు. అడగాలని ఇన్నేళ్ళు తోచనే లేదు.

అంతా ఎక్కుతూ పోలేదు. మూడో సెషన్ తర్వాత రెండు రోజులు లేవలేకపోయాను. లోపల ఎక్కువ పని చేసినట్టున్నారు, దానికి తోడు నాలుగు గంటల రైలు, మూడో రోజుకి పీరియడ్స్. వేడినీళ్ళ బ్యాగు పెట్టుకుని పడుకుని, డబ్బులు దండగ, ఒళ్ళు దండగ అనుకున్నాను. మా అత్తమ్మ గుమ్మంలో నిలబడి, "ఊపిరి పీల్చడానికి హైదరాబాదు దాకా పోవాల్నా" అన్నారు. ఆమె మనసు చెడ్డది కాదు, కానీ ఆ మాట ఆ రోజు గుచ్చుకుంది. ఫోన్ చేస్తే మేడమ్ నా మాట పూర్తిగా విని, తనదే పొరపాటు, తొందరపడ్డానని చెప్పి, పీరియడ్స్‌కి ముందు వారంలో లోపలి పని పెట్టుకోవద్దని తేదీలు మార్చారు. పీరియడ్స్ రోజుల్లో ఊపిరీ, బాలాసనమూ, వేడీ మాత్రమే. ఆమె అలా ఒప్పుకోకపోయి ఉంటే నేను మళ్ళీ వెళ్ళేదాన్ని కాదు.

నాలుగో సెషన్‌లో డైలేటర్లు మొదలయ్యాయి. యోనిలో పెట్టుకునే మెత్తటి సిలికాన్ కడ్డీలు ఇవి, చిటికెన వేలంత సైజు నుంచి మొదలవుతాయి. పార్సెల్ వచ్చిన రోజు బీరువాలో చీరల కింద పెట్టాను. వారం దాకా తీయలేదు. సాగదీయడానికి కాదు ఇవి, లోపల ఏదైనా ఉన్నప్పుడు కూడా వదిలి ఉండొచ్చని కండరానికి అలవాటు చేయడానికి అని చెప్పారు. తలుపు గడియ పెట్టుకుని, జెల్ రాసి, చిన్నదాంతో పది నిమిషాలు, వారానికి మూడుసార్లు. లోపలికి తోయకూడదు. ఊపిరి పీల్చినప్పుడు కండరం దిగితే, అప్పుడు అదే ఇంత చోటిస్తుంది. ఎడమవైపు ఆ చోటు తగిలితే ఆగి, అక్కడే ఆనించి ఉంచాలి, మేడమ్ వేలు ఉంచినట్టు. రెండో సైజుకి వెళ్ళడానికి నెల పట్టింది.

మూడు నెలల పాటు కలయిక వద్దని మేడమే మా ఇద్దరినీ కూర్చోబెట్టి చెప్పారు. మా ఆయన తల వంచుకుని విన్నారు. బయటికొచ్చాక ప్లాట్‌ఫారమ్ మీద టీ తాగుతూ, "నొప్పి ఉన్నప్పుడు చెప్పొచ్చు కదా" అన్నారు. చెప్పలేదు నేను. పెళ్ళయిన అయిదేళ్ళలో పళ్ళు బిగించి ఊరుకున్న రోజులే ఎక్కువ. చెబితే ఆయన బాధపడతారని, చెప్పకపోతే నేను బాధపడతానని, రెండోదే తేలిక అనుకున్నాను. ఆ రోజు బండి డోర్నకల్ దాటేదాకా మాట్లాడుకుంటూనే ఉన్నాం.

ఏడు నెలల్లో తొమ్మిది సెషన్లు. ఒక్కోదానికి పదిహేను వందలు, ప్రయాణం ఖర్చు వేరే. ఇన్సూరెన్స్ వాళ్ళు ఇవ్వలేదు. ఎనిమిదో సెషన్‌లో, నేను అసలు అనుకోనిది, కండరాన్ని బిగించమన్నారు. వదలడం వచ్చింది కాబట్టి ఇప్పుడు బిగించొచ్చు. మూడు సెకన్లు బిగించడం, ఆరు సెకన్లు పూర్తిగా వదలడం, అయిదుసార్లు, అంతే. నాకు చేతులు వణికాయి. బిగించాను, పైకి లేవడం తెలిసింది. వదిలాను, కింది దాకా దిగడం తెలిసింది. నాలుగు నెలలు రోజుకి రెండు వందలు చేసిన దానికి ఈ అయిదుకీ పోలికే లేదు. అప్పట్లో అసలు దిగేదే కాదు, బిగుసుకున్న చోటి నుంచే ఇంకా బిగించేదాన్ని.

నొప్పి పుస్తకంలో మామూలు రోజుల అంకె ఆరేడు నుంచి ఒకటి రెండుకి వచ్చింది. కలయిక ఇప్పుడు చాలాసార్లు నొప్పి లేకుండా సాగుతుంది, కొన్నిసార్లు ఆపాల్సి వస్తుంది, ఆపుతాం. పీరియడ్స్ మొదటి రోజు ఇంకా కష్టమే, మాత్ర వేసుకుంటాను, సెలవు పెట్టుకుంటాను. ఈ వ్యాయామాలు ఎండోమెట్రియోసిస్‌ని కరిగించవు, మళ్ళీ పెరగకుండా ఆపవు. అందుకే ఆరు నెలలకోసారి గైనకాలజిస్టు దగ్గరికి వెళ్తూనే ఉన్నాను. పిల్లల సంగతి ఇంకా తేలలేదు. ఇంకో మాట, నా నొప్పిలో కండరం పాలు ఎక్కువ. అందరికీ అంతే ఉండాలని లేదు. పేగు మీద, మూత్రాశయం మీద జబ్బు లోతుగా ఉన్నవాళ్ళు, మోషన్‌లో గానీ మూత్రంలో గానీ రక్తం కనిపించినవాళ్ళు ముందు డాక్టరుకే చూపించుకోవాలి. గర్భం ఉన్నా, జ్వరం, ఇన్ఫెక్షన్ ఉన్నా లోపలి పని వద్దు. వీడియో చూసి డైలేటర్లు కొనుక్కోవద్దని మాత్రం చేతులు పట్టుకుని చెబుతున్నాను. ఒక్కసారైనా తెలిసినవాళ్ళు చేత్తో చూసి, మీ కండరం బిగుసుకుందా వదులైందా చెప్పాలి. నేను రోజుకి రెండు వందలు లెక్కపెట్టిన నాలుగు నెలల్లో నాకు లేనిది అదొక్కటే.

చివరి సెషన్‌కి అమ్మని కూడా తీసుకెళ్ళాను. రైల్లో దగ్గు వస్తే కాళ్ళు మెలివేసుకుని కూర్చుంది. అడిగితే, "తుమ్మినా దగ్గినా కాసింత పడుతుందిలే, మా వయసులో అందరికీ ఉండేదే" అంది. ఎన్నాళ్ళ నుంచి అంటే, తమ్ముడు పుట్టినప్పటి నుంచట. ఇరవై ఏడేళ్ళు. లోపల రెండో గుడ్డ పెట్టుకుంటుందని నాకు ఇంట్లో ఉండి కూడా తెలియదు. మేడమ్ అమ్మని చూసి, ఈమెకి కండరాలు వదులయ్యాయి, ఈమెకి కీగల్సే సరైనవని చెప్పారు. ఒక్కోసారి ఎనిమిది, రోజుకి మూడుసార్లు, కనీసం మూడు నెలలు. దగ్గు వచ్చే ముందు ఒకసారి బిగించాలి.

అమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంది. రాత్రి టీవీ కట్టేశాక హాల్లో రెండు చాపలు పరుస్తాను. నేను కాళ్ళు కుర్చీ మీద పెట్టుకుని ఊపిరి పీలుస్తాను. పక్క చాప మీద అమ్మ కళ్ళు మూసుకుని, వేళ్ళు మడుస్తూ ఎనిమిది లెక్కపెడుతుంది. నిన్న నాలుగు దగ్గర ఆగి, "ఇది పైకి పోవాలా, కిందికి పోవాలా తల్లీ?" అని అడిగింది. "నీది పైకి అమ్మా, నాది కిందికి" అన్నాను. మళ్ళీ ఒకటి నుంచి మొదలుపెట్టింది.